ఫోన్‌కి స్పెక్స్ చూస్తాం, బ్యాగ్‌కి రంగు చూస్తాం: ఎక్కువకాలం మన్నే బ్యాక్‌ప్యాక్, బూట్లు ఎలా ఎంచుకోవాలి?

ఫోన్ కొనేటప్పుడు మనం అడగని ప్రశ్న ఉండదు. ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఏ రకం, స్క్రీన్ మీద గ్లాస్ ఏ తరానిది, ఛార్జింగ్ ఎన్ని వాట్లు... అన్నీ కావాలి. అదే ఫోన్‌నీ, డెబ్బై వేల ల్యాప్‌టాప్‌నీ, ఇటుకరాయంత ఛార్జర్‌నీ రోజూ మోసే బ్యాగ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఈ బ్లూ కలర్ బాగుంది, ప్యాక్ చేసేయండి" అంటాం. బూట్ల సంగతి చెప్పక్కర్లేదు. సైజు సరిపోయిందా, ఆఫర్ ఉందా, అంతే.

నిజానికి వీటికీ స్పెక్స్ ఉంటాయి. కొన్ని ట్యాగ్ మీదే రాసి ఉంటాయి, కొన్ని బ్యాగ్‌ని లోపలికి తిరగేస్తే కనిపిస్తాయి, కొన్ని వేలితో నొక్కితే తెలుస్తాయి. అవి చదవడం వస్తే చాలు, బ్రాండ్ పేరుతో పెద్దగా పని ఉండదు. అందుకే ఈ ఆర్టికల్‌లో ఫలానా మోడల్ కొనండి అని చెప్పట్లేదు. మోడల్స్ ఆరు నెలలకి మారిపోతాయి. కుట్టు, బట్ట, జిప్, సోల్ ఎలా చూడాలో చెబుతాను. షాపులో నిలబడి పది నిమిషాల్లో మీరే తేల్చుకోవచ్చు.

డెనియర్ కూడా మెగాపిక్సెల్ లాంటిదే

బ్యాగ్ ట్యాగ్ మీద 600డి, 900డి, 1000డి, 1680డి అని కనిపిస్తుంటాయి కదా. ఆ 'డి' అంటే డెనియర్. దారం ఎంత లావుగా ఉందో చెప్పే కొలత. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని డెనియర్లు. అంటే 1000 డెనియర్ దారం తొమ్మిది కిలోమీటర్లు తీసుకుంటే సరిగ్గా కిలో తూగుతుంది. హైదరాబాద్‌లో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా మెట్రో దారి సుమారు పది కిలోమీటర్లు. ఇంచుమించు అంత పొడవు దారాన్ని ఉండచుట్టి తూకం వేస్తే కిలో అన్నమాట.

ఇక్కడే అందరం మోసపోయేది. 200 మెగాపిక్సెల్ అని రాసినంత మాత్రాన కెమెరా బాగుంటుందా? సెన్సర్ సైజు, లెన్స్, ప్రాసెసింగ్ అన్నీ కలిస్తేనే ఫోటో. డెనియర్ కూడా అంతే. దారం లావు మాత్రమే చెబుతుంది. ఆ దారం నైలానా పాలిస్టరా, ఎంత దగ్గరగా నేశారు, వెనక ఏ కోటింగ్ వేశారు అన్నది చెప్పదు. ఒకే డెనియర్ దగ్గర పోలిస్తే రాపిడికి నైలాన్ ఎక్కువ తట్టుకుంటుంది. అందుకే 1680డి పాలిస్టర్ అని పెద్ద అక్షరాలతో రాసిన బ్యాగ్ కన్నా 500డి మంచి నైలాన్ బ్యాగ్ ఎక్కువకాలం రావచ్చు. పైగా ఆ 1680 అన్నది ఒకే లావు దారం కావచ్చు, 840 దారాలు రెండు కలిపి మెలిపెట్టినవీ కావచ్చు. ట్యాగ్ ఆ సంగతి చెప్పదు.

పాలిస్టర్‌ని తీసిపారేయక్కర్లేదు. ఎండకి నైలాన్ కన్నా పాలిస్టర్ మెరుగు. అల్ట్రావయొలెట్ కిరణాలకి నైలాన్ త్వరగా బలం కోల్పోతుంది, రంగు కూడా వెలిసిపోతుంది. రోజంతా ఎండలో బైక్ మీద తిరిగే డెలివరీ బ్యాగ్‌లకి పాలిస్టర్ వాడటం చవక కోసమే కాదు.

కార్డ్యూరా అనే పేరు వినే ఉంటారు. అది బ్యాగ్ కంపెనీ కాదు, బట్ట బ్రాండ్. అమెరికాకి చెందిన డ్యూపాంట్ దగ్గర పుట్టింది. బాలిస్టిక్ నైలాన్ కూడా ఆ కంపెనీదే. రెండో ప్రపంచ యుద్ధంలో విమాన సిబ్బంది వేసుకునే రక్షణ కోట్ల కోసం తయారుచేశారు. బాంబు పేలినప్పుడు ఎగిరే లోహపు ముక్కల నుంచి కాపాడటానికే గానీ, తుపాకీ గుండు ఆపడానికి కాదు. కాబట్టి "బాలిస్టిక్" అని రాసి ఉంటే బుల్లెట్‌ప్రూఫ్ అనుకోకండి. ఇప్పుడు ఆ మాటని పాలిస్టర్ బ్యాగ్‌ల మీద కూడా ధారాళంగా రాసేస్తున్నారు.

నా లెక్కలో కాలేజీకో ఆఫీసుకో తీసుకెళ్లే బ్యాగ్‌కి 420డి నుంచి 600డి నైలాన్, లేదా 900డి ఆపైన పాలిస్టర్ సరిపోతుంది. 1000డి కార్డ్యూరా గట్టిదే, కానీ గరుకు. రోజూ తగిలించుకుంటే కాటన్ చొక్కా వీపు మీద నూగు లేస్తుంది. ట్రెకింగ్‌లో రాళ్ల మీద పడేసే బ్యాగ్‌కి ఆ గట్టిదనం కావాలి. బస్సులో ఒళ్లో పెట్టుకునే బ్యాగ్‌కి అక్కర్లేదు.

అసలు బ్యాగ్ తెగేది బట్ట దగ్గర కాదు

పాడైపోయిన బ్యాగ్ ఇంట్లో ఉంటే ఒకసారి తీసి చూడండి. బట్ట మధ్యలో చిరిగి ఉండటం చాలా అరుదు. స్ట్రాప్ మొదలు దగ్గర ఊడిపోయి ఉంటుంది, జిప్ పోయి ఉంటుంది, లేదా లోపలి కోటింగ్ పొట్టులా రాలుతుంటుంది. ఈ మూడే. మనం మాత్రం షాపులో బట్టని చేత్తో తడిమి "గట్టిగానే ఉంది" అంటాం.

స్ట్రాప్ సంగతి నాకు స్వయంగా అనుభవం. పేరున్న బ్రాండ్ బ్యాగే, 2200 పెట్టి కొన్నది. పద్నాలుగు నెలలకి ఒకరోజు మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే ఎడమ స్ట్రాప్ పైభాగం కుట్టుతో సహా ఊడి వచ్చేసింది. బట్టకి గీత పడలేదు. బ్యాగ్ వెళ్లి మెట్టు అంచుకి కొట్టుకుంది, లోపల ల్యాప్‌టాప్ హింజ్ దగ్గర బాడీ పగిలింది. రిపేర్‌కి 6500 అయింది. బ్యాగ్ వాళ్ల సర్వీస్ సెంటర్‌లో "ఇది వేర్ అండ్ టేర్ సార్, వారంటీ రాదు" అన్నారు. ఇంటికొచ్చి లోపలి లైనింగ్ విప్పి చూశాను. స్ట్రాప్ చివర కుట్టులోకి అర అంగుళం కూడా దూరలేదు. దాని మీద ఒకే ఒక వరస కుట్టు. ఎంత మంచి బట్ట అయినా ఏం చేస్తుంది? 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ రెండు కిలోల పైమాటే, గేమింగ్ ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ ఒక్కటే కిలోకి దగ్గర. నీళ్ల బాటిల్, టిఫిన్ బాక్స్ కలిపితే ఆరేడు కిలోలు. ఒక భుజానికే తగిలించుకునే అలవాటు ఉంటే ఆ బరువంతా ఆ అర అంగుళం మీదే.

కాబట్టి షాపులో ముందు చూడాల్సింది ఇది. మెయిన్ జిప్ తెరిచి, చెయ్యి లోపలికి పోనిచ్చి, స్ట్రాప్‌లు వీపు భాగంలో కలిసే చోటు పట్టుకోండి. అక్కడ చతురస్రంలో ఇంటూ గుర్తులా కుట్టు ఉందా, లేదా దగ్గర దగ్గరగా అడ్డంగా కుట్టిన బార్‌ట్యాక్ ఉందా చూడండి. జీన్స్ ప్యాంట్ జేబు మూలల్లో, బెల్ట్ లూప్‌ల దగ్గర మందంగా చిన్న గీతలా ఉంటుందే, అదే బార్‌ట్యాక్. ఒక్క వరస కుట్టు మాత్రమే కనిపిస్తే పక్కన పెట్టేయండి. తర్వాత స్ట్రాప్ కింది చివర, బ్యాగ్ అడుగు మూలల్లో చిన్న త్రికోణపు బట్టముక్కతో కలిసే చోటు. రెండో బలహీనమైన స్థలం అదే. ఆ త్రికోణం కుట్టులోపలికి బాగా దూరి ఉండాలి. లాగితే దారాల మధ్య సందులు కనిపించకూడదు.

లోపలి అంచులు కూడా చూడండి. బట్ట కత్తిరించిన అంచులకి టేప్ చుట్టి కుట్టి ఉంటే మంచిది. అంచులు అలాగే వదిలేసి పోగులు బయటికి వస్తుంటే, ఆ పోగులు ఏడాదిలో జిప్‌లో ఇరుక్కుంటాయి, రెండో ఏడాది కుట్టే వదిలేస్తుంది. కుట్లు మరీ దగ్గరగా ఉన్నా మంచిది కాదు, సూది రంధ్రాలు వరసగా పడి నోట్‌బుక్‌లో చింపే పేజీలా తయారవుతుంది. సెంటీమీటర్‌కి మూడు కుట్ల దాకా ఉంటే సరి.

ఇంకొక పరీక్ష, మన గ్యాడ్జెట్ జనాలకి ముఖ్యమైనది. ల్యాప్‌టాప్ అరలో చెయ్యి కిందిదాకా పెట్టి, రెండో చేత్తో బ్యాగ్ అడుగుని బయటి నుంచి తట్టండి. రెండు చేతులూ దాదాపు కలిసిపోతే ఆ బ్యాగ్‌ని నేల మీద పెట్టిన ప్రతిసారీ ల్యాప్‌టాప్ మూల నేలకి తగులుతుంది. అర అడుగుభాగం రెండు మూడు సెంటీమీటర్లు పైన ఆగి ఉండాలి, ఊయలలాగా. పక్కల, వెనక ఎంత ఫోమ్ పెట్టినా ఈ ఒక్కటి లేకపోతే వృథా. చాలా ఖరీదైన బ్యాగ్‌లలో కూడా ఇది ఉండదు, ఆశ్చర్యం.

యూఎస్‌బీ పోర్ట్ ఉన్న బ్యాగ్ గురించి కూడా ఒక మాట. ఆ పోర్ట్‌లో కరెంట్ ఏమీ ఉండదు. లోపల మీ పవర్ బ్యాంక్‌కి తగిలించే వైరు, బయట ఒక రంధ్రం. వాన నీళ్లు లోపలికి వెళ్లడానికి కంపెనీవాళ్లే దారి చూపించినట్టు.

జిప్: రన్నర్ వెనక నంబర్ ఉంటుంది

జిప్ పాడైంది అంటాం గానీ, నూటికి తొంభై సందర్భాల్లో పళ్లు బాగానే ఉంటాయి. అరిగేది రన్నర్. అటూ ఇటూ జారే ముక్క. అది వేలసార్లు జారి జారి లోపల అరిగి, దవడ వదులై, పళ్లని దగ్గరికి నొక్కలేకపోతుంది. అందుకే జిప్ వేసినా వెనక నుంచి నోరు తెరుచుకుంటుంది. పట్టకారుతో రన్నర్ రెండు పక్కలా వెనక భాగాన్ని కొంచెం, కొంచెమే, నొక్కితే కొన్ని నెలలు పనిచేస్తుంది. పూర్తిగా పోతే బ్యాగ్‌లు కుట్టే షాపులో రన్నర్ ఒక్కటే మార్పించుకోవచ్చు. నేను ఈమధ్య ఇచ్చింది 80 రూపాయలు. రన్నర్ పోయిందని బ్యాగ్ పారేస్తే, ఛార్జింగ్ కేబుల్ పోయిందని ఫోన్ పారేసినట్టే.

రన్నర్ వెనక చిన్నగా నంబర్ అచ్చువేసి ఉంటుంది: 3, 5, 8, 10. జిప్ మూసినప్పుడు పళ్ల వెడల్పు సుమారుగా అన్ని మిల్లీమీటర్లు. మెయిన్ అరకి 8 లేదా 10 ఉండాలి. ముందు జేబులకి 5 చాలు. మెయిన్ జిప్‌కే 5 పెట్టిన ల్యాప్‌టాప్ బ్యాగ్ అంటే ఎక్కడో పొదుపు చేశారన్నమాట, ఇంకెక్కడ చేశారో కూడా వెతకండి. జపాన్‌లో 1934లో మొదలైన వైకేకే పేరు రన్నర్ మీద కనిపిస్తే మంచి గుర్తే, కానీ ఆ మూడక్షరాలకి నకిలీలు కూడా ఉన్నాయి. చేత్తో పది సార్లు లాగి చూడటమే నమ్మకమైన పరీక్ష. మూలల దగ్గర జిప్ గుండ్రంగా తిరగాలి. లంబకోణంలా మలిచిన చోటే పళ్లు ముందు పోతాయి. బిగుసుకుపోతే నూనె వెయ్యొద్దు, దుమ్ము పట్టేస్తుంది. కొవ్వొత్తి పళ్ల మీద రుద్దండి చాలు.

వాటర్‌ప్రూఫ్, వాటర్ రెసిస్టెంట్

ఫోన్‌కి ఐపీ68 అంటే ఎంత లోతులో ఎంతసేపు అన్నది కంపెనీ చెప్పాలి. బ్యాగ్‌లకి సాధారణంగా అలాంటి పట్టింపు లేదు. "వాటర్ రెసిస్టెంట్" అని రాస్తే బట్ట నీళ్లని కాసేపు ఆపుతుంది అని అర్థం. కానీ బట్ట ఆపినా కుట్టు ఆపదు. కుట్టిన ప్రతిచోటా సూది రంధ్రం ఉంటుంది, జిప్ పళ్ల మధ్య సందు ఉంటుంది. కుట్ల మీద లోపలి నుంచి టేప్ అతికిస్తేనో, కుట్టకుండా వేడితో అతికిస్తేనో తప్ప పూర్తి వాటర్‌ప్రూఫ్ కాదు. జూలైలో గంటసేపు వానలో బైక్ నడిపేవాళ్లకి నా సలహా ఒక్కటే: రెండు మూడు వందలు పెట్టి రెయిన్ కవర్ కొనండి, ల్యాప్‌టాప్‌ని విడిగా ప్లాస్టిక్ కవర్‌లో పెట్టండి. వాటర్‌ప్రూఫ్ అన్న మాటకి అదనంగా మూడు వేలు ఇచ్చే అవసరం లేదు.

బట్ట వెనక వేసే కోటింగ్ ఎక్కువగా పాలీయురేథేన్, అంటే పీయూ. ఈ పీయూ గురించి కొంచెం వివరంగా తెలుసుకోవాలి, ఎందుకంటే బూట్లలో కూడా అసలు విలన్ ఇదే.

పీయూ ఎందుకు పిండిలా రాలుతుంది

పెళ్లికి కొన్న బూట్లు డబ్బాలో పెట్టి, మూడు నాలుగేళ్ల తర్వాత తీసి వేసుకుంటే పది అడుగుల్లో సోల్ ముక్కలు ముక్కలుగా రాలిపోవడం చూశారా? కొత్తవే, పట్టుమని పదిసార్లు వేసుకోలేదు. షాపువాడు మోసం చేశాడనుకుంటాం. అది హైడ్రాలిసిస్. సోల్‌లో వాడే పాలీయురేథేన్‌లో ఎక్కువ రకాలకి గాలిలోని తేమ తగిలితే, ఆ పొడవాటి అణువుల గొలుసులు మెల్లగా తెగుతుంటాయి. వేడి ఉంటే ఇంకా వేగం. వాడినా వాడకపోయినా గడియారం నడుస్తూనే ఉంటుంది. పాత గ్యాడ్జెట్‌ల మీద మెత్తటి రబ్బరులాంటి పూత కొన్నేళ్లకి జిగురుగా మారి చేతికి అంటుకుంటుంది చూడండి, చాలావరకు అదీ ఇదే కెమిస్ట్రీ. బ్యాగ్ లోపల తెల్లటి పొట్టు రాలడమూ ఇదే.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉన్నవాళ్లు ఈ సంగతి ఎక్కువ పట్టించుకోవాలి. సముద్రం పక్క తేమ, ఎండ రెండూ కలిసి పీయూ ఆయుష్షు తగ్గిస్తాయి. కొనేముందు సోల్ దేనితో చేశారో అడగండి. రబ్బర్, నైట్రైల్ రబ్బర్, టీపీఆర్, ఈవీఏ, ఇవేవీ ఇలా పిండి కావు. ఈవీఏ తేలిక, మెత్తన, కానీ కొన్నాళ్లకి అణిగిపోతుంది. రబ్బర్ బరువు, కానీ అరగడానికి ఏళ్లు పడుతుంది. పీయూ రెండింటికీ మధ్యలో హాయిగా ఉంటుంది, అందుకే కంపెనీలకి ఇష్టం. రోజూ వేసుకుని రెండేళ్లలో అరగదీసే వాళ్లకి పీయూ పర్వాలేదు. అప్పుడప్పుడూ వేసుకుని ఎనిమిదేళ్లు దాచుకుందాం అనుకునేవాళ్లకి మాత్రం వద్దు.

ఇక్కడొక చిట్కా. షూ డబ్బా మీద తయారైన లేదా ప్యాక్ చేసిన నెల, సంవత్సరం ఉంటుంది. క్లియరెన్స్ సేల్‌లో సగం ధరకి వచ్చిన పీయూ సోల్ బూట్లు మూడేళ్ల కిందట తయారైనవైతే, వాటి జీవితం అప్పటికే గోడౌన్‌లో కొంత ఖర్చైపోయింది. ఫోన్ బాక్స్ మీద తేదీ చూస్తాం, ఇక్కడ కూడా చూడండి.

సోల్ ఎలా కలిపారు?

మామూలు షూస్‌లో ఎక్కువభాగం జిగురుతో అతికించినవే. ఫ్యాక్టరీలో ఆ జిగురుని వేడిచేసి, ప్రెస్‌లో నొక్కి అతికిస్తారు. వేడితో అతికింది వేడికే వదులుతుంది కూడా. మే నెలలో మూసిన కారులో బూట్లు వదిలేసినా, సైలెన్సర్‌కి దగ్గరగా పాదం పెట్టినా, తడిసినవాటిని పొయ్యి పక్కన ఆరబెట్టినా సోల్ నోరు తెరుస్తుంది. అప్పుడు మన వీధి చివర చెప్పులు కుట్టే ఆయన దగ్గర సోల్ చుట్టూ నైలాన్ దారంతో కుట్టు వేయిస్తాం. అసలు కొత్తగా ఉన్నప్పుడే ఆ కుట్టు వేయించేవాళ్లున్నారు. మంచి పనే, కాకపోతే ఈవీఏ మరీ మెత్తనిదైతే దారం కోసేస్తుంది. రబ్బర్ అంచు ఉన్న సోల్‌కే వేయించండి.

దీనికి పై మెట్టు గుడ్‌ఇయర్ వెల్ట్. రబ్బర్‌ని వల్కనైజ్ చేసే పద్ధతి కనిపెట్టిన ఛార్లెస్ గుడ్‌ఇయర్ కొడుకు పేరుమీద 19వ శతాబ్దంలో వచ్చిన కుట్టు ఇది. టైర్ల కంపెనీకి ఆ తండ్రి పేరు గౌరవంగా పెట్టుకున్నారంతే, ఈ కుట్టుకీ ఆ కంపెనీకీ సంబంధం లేదు. ఇందులో పైభాగం తోలుకీ, సోల్‌కీ మధ్య ఒక పట్టీ ఉంటుంది. ముందు పట్టీని పైభాగానికి కుట్టి, తర్వాత సోల్‌ని పట్టీకి కుడతారు. సోల్ అరిగితే ఆ రెండో కుట్టు విప్పి కొత్త సోల్ వేయొచ్చు, పైభాగానికి సూది తగలదు. సరిగ్గా చూసుకుంటే పది పదిహేనేళ్లు వాడేవాళ్లున్నారు.

అయితే మోసం కూడా ఉంది. జిగురుతో అతికించిన సోల్ అంచు మీద అలంకారానికి కుట్టు వేసిన పట్టీ అతికించి వెల్ట్‌లా చూపిస్తారు. కింద సోల్ తిప్పి చూడండి. కొన్ని మంచి బూట్లలో సోల్ అడుగున గాడిలో కుట్టు కనిపిస్తుంది, పైన పట్టీ మీది కుట్లతో సరిపోలుతుంది. కొన్నింటిలో గాడిని మూసేస్తారు కాబట్టి కనిపించదు, అప్పుడు షాపులో అడగడమే. పైన కుట్టు అన్ని చోట్లా ఒకే అచ్చుపోసినట్టు ప్లాస్టిక్ మెరుపుతో ఉంటే అనుమానించండి. బ్లేక్ అనే ఇంకో కుట్టులో లోపలి ఇన్‌సోల్ ఎత్తితే దారం కనిపిస్తుంది. అది తేలికగా ఉంటుంది గానీ నీళ్లు ఆ దారం వెంట లోపలికి వస్తాయి.

ఇంత చెప్పాక నా అభిప్రాయం: మీ ఊళ్లో వెల్ట్ బూట్లకి కొత్త సోల్ వేసే చోటు లేకపోతే పన్నెండు వేలు పెట్టకండి. రిపేర్ చేయించుకోగలిగినప్పుడే ఆ కుట్టుకి విలువ. హైదరాబాద్, చెన్నై, బెంగళూరుల్లో వెతికితే దొరుకుతారు. చిన్న ఊళ్లో కొరియర్ ఖర్చులు కలుపుకోండి. స్టూడెంట్‌కి అయితే పక్కల కుట్టు ఉన్న రబ్బర్ కప్ సోల్ షూ మంచి మధ్యేమార్గం.

తోలు మాటలు

"జెన్యూయిన్ లెదర్" అన్న ముద్ర చూసి మురిసిపోవద్దు. అది తోలే అని మాత్రమే హామీ, ఏ భాగం తోలో కాదు. పైపొర చెక్కకుండా ఉంచినది ఫుల్ గ్రెయిన్. అన్నిటికన్నా గట్టిది, చిన్న చిన్న మచ్చలు, రంధ్రాలు కనిపిస్తాయి. పైపొరని రుద్ది, రంగు పూసి అద్దంలా చేసినది కరెక్టెడ్ గ్రెయిన్. కింది పొరని చీల్చి దానిమీద ప్లాస్టిక్ పూత వేసినది స్ప్లిట్. మూడూ జెన్యూయినే! బొటనవేలితో గట్టిగా నొక్కండి. మంచి తోలు చుట్టూ సన్నటి ముడతలు చర్మంలాగే పరుచుకుంటాయి. పూత ఎక్కువున్నది గిన్నెలా నొక్కుకుని లేస్తుంది. కత్తిరించిన అంచు కనిపిస్తే ఇంకా సులువు: పీచు కనిపిస్తే తోలు, బట్ట కనిపిస్తే రెక్సిన్. "పీయూ లెదర్", "వీగన్ లెదర్" అని అమ్మేవి ఎక్కువగా బట్టమీద ప్లాస్టిక్ పూత. వేసుకోవడానికి తప్పేం లేదు, కానీ వంగే చోట రెండో ఏడాది పొర లేస్తుంది. దాన్ని ఎవరూ బాగుచేయలేరు.

చెల్సీ బూట్లు ఇష్టపడేవాళ్లకి: పక్కన ఉండే ఎలాస్టిక్ ముందు పోతుంది. తోలు ఎంత మంచిదైనా ఎలాస్టిక్ సాగిపోతే బూటు కాలిని పట్టుకోదు. దాన్ని మార్చడం పెద్ద పని. లేస్ బూట్లకి లేసు 40 రూపాయలు.

ఇండస్ట్రియల్ సేఫ్టీ షూస్‌ని చవగ్గా దొరుకుతున్నాయని బైక్ బూట్లుగా కొనే కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. ఐఎస్ 15298 ప్రకారం సేఫ్టీ షూ ముందు భాగం 200 జౌల్‌ల దెబ్బ తట్టుకోవాలి, అంటే సుమారు ఇరవై కిలోల బరువు మీటర్ ఎత్తు నుంచి వేళ్ల మీద పడినట్టు. సైట్‌లో పనిచేసేవాళ్లకి అది ప్రాణం లాంటిది. రోజూ కాలేజీకి మాత్రం బరువు ఎక్కువ, చాలావాటికి పీయూ సోలే. కొనాలనుకుంటే నైట్రైల్ రబ్బర్ సోల్ ఉన్నది చూడండి, ఐఎస్‌ఐ మార్క్ ఉందో లేదో చూడండి.

అసలు మన ఎండలకి బూట్లు కావాలా అని అడిగితే, అందరికీ అక్కర్లేదు. నలభై రెండు డిగ్రీల్లో చీలమండ దాకా మూసేసుకుని తిరగడం సరదా కాదు. బైక్ ఎక్కువ నడిపేవాళ్లకి, సైట్ ఇంజినీర్లకి, ఫొటోగ్రఫీ కోసం కొండలెక్కేవాళ్లకి అవసరం. అలాంటివాళ్లు కూడా వాటర్‌ప్రూఫ్ మెంబ్రేన్ ఉన్నవి ఆలోచించి కొనాలి. బయటి నీళ్లు రావు, నిజమే, కానీ హైదరాబాద్ మేలో లోపలి చెమట కూడా అంత తొందరగా పోదు. లైనింగ్ తోలుది ఉన్న మామూలు బూట్లే ఇక్కడ సుఖం.

ఎంత పెట్టొచ్చు?

బీటెక్ నాలుగేళ్లు లెక్కేద్దాం. 900 రూపాయల బ్యాగ్ ఏడాదికొకటి మారిస్తే 3600. 3000 బ్యాగ్ నాలుగేళ్లు వచ్చి, మధ్యలో రెండుసార్లు రన్నర్ మారిస్తే సుమారు 3200. తేడా నాలుగొందలే! గొప్ప పొదుపేమీ కాదు. కానీ ఆ నాలుగేళ్లలో ఒక్కసారి స్ట్రాప్ తెగి ల్యాప్‌టాప్ పడితే ఆ లెక్కంతా తారుమారు. మనం అదనంగా ఇచ్చేది ఆ ఒక్కరోజు కోసం. అదే లెక్కలో 12,000 ఇంపోర్టెడ్ బ్యాగ్ గెలవాలంటే పదిహేనేళ్లు రావాలి. అన్నేళ్లు కోటింగ్ ఉంటుందా, మీకే ఆ బ్యాగ్ మీద మోజు ఉంటుందా? రెండున్నర వేల నుంచి నాలుగు వేల మధ్య, పైన చెప్పిన పరీక్షలన్నీ పాసైన బ్యాగ్ దొరికితే అక్కడే ఆగిపోండి.

లైఫ్‌టైమ్ వారంటీ అన్న మాట చూసి ఎక్కువ ఇచ్చేముందు షరతులు చదవండి. అమెరికాలో ఎల్.ఎల్.బీన్ కంపెనీ ఎన్నేళ్ల తర్వాతైనా వాపసు తీసుకుంటామని దశాబ్దాల పాటు పేరు తెచ్చుకుని, 2018 ఫిబ్రవరిలో దాన్ని ఏడాదికి కుదించింది. "లైఫ్‌టైమ్" అంటే చాలాచోట్ల మీ జీవితం కాదు, ఆ వస్తువు బతకాల్సినంత కాలం అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. విదేశీ బ్రాండ్‌ని అనధికారిక సెల్లర్ దగ్గర కొంటే ఇక్కడ ఆ వారంటీ అసలు చెల్లకపోవచ్చు కూడా.

కొన్నాక

ఒకే జత రోజూ వేయకండి. చెమట పట్టిన తోలుకి పూర్తిగా ఆరడానికి ఒక రోజు కావాలి. రెండు జతలు మార్చి మార్చి వేస్తే, ఒకదాని తర్వాత ఒకటి అరగదీసిన దానికన్నా రెండూ ఎక్కువకాలం వస్తాయి. తడిస్తే లోపల న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, ఫ్యాన్ గాలికి నీడలో పెట్టండి, రెండు గంటలకోసారి పేపర్ మార్చండి. హెయిర్ డ్రయ్యర్ వద్దు, మిట్టమధ్యాహ్నపు డాబా అసలు వద్దు. నెలకోసారి తోలుకి క్రీమ్ పూయండి.

బ్యాగ్‌ని వాషింగ్ మెషీన్‌లో వేస్తే లోపలి కోటింగ్ ఒక్క ఉతుకుతోనే పగుళ్లు తేలవచ్చు. బకెట్ నీళ్లు, కొంచెం షాంపూ, పాత టూత్‌బ్రష్ చాలు. తలకిందులుగా నీడలో వేలాడదీయండి, జిప్‌లన్నీ తెరిచి.

కొత్త గ్యాడ్జెట్ డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా దాచండి. ఆగస్టులో బీరువా కింద పెట్టిన బూట్లకి తెల్లటి బూజు పట్టకుండా ఒక్కో బూటులో రెండేసి పొట్లాలు వేస్తే సరిపోతుంది. రెండు నెలలకోసారి వాటిని మంచి ఎండలో పెట్టి తీస్తే కొంత తేమ వదిలి మళ్లీ పనికొస్తాయి. చిన్నపిల్లలున్న ఇల్లయితే మాత్రం అందకుండా చూసుకోండి.